ఎడారి జాలీలు, కోనసీమ జల్లులు

ఈ మధ్య మా వైపు కడుతున్న ప్రతి పెద్ద బిల్డింగుకీ ఒక జాలీ, అంటే కన్నాల అల్లికతో ఉండే తెరలాంటి గోడ, వస్తోంది. సిమెంటు జాలీనో, అల్యూమినియం రేకుని మిషను మీద కోయించిన జాలీనో, ఏదో ఒకటి. ఆస్పత్రి కానివ్వండి, ఫంక్షన్ హాలు కానివ్వండి, సర్కారు ఆఫీసు కానివ్వండి, ముందు ఎలివేషన్‌కి ఎడారి దేశాల డిజైను ఒకటి అతికించి, దాని వెనకాల అద్దాలు బిగించి, అద్దాల వెనకాల ఏసీలు పెట్టేస్తున్నారు. ఇదేంటండీ అంటే "గ్రీన్ బిల్డింగ్ అండి" అంటారు. రాజస్థాన్ ఎడారిలో ఉన్న జైసల్మేరులో జాలీ చేసే పని వేరు, అమలాపురంలో దాన్ని పెట్టి మనం చేయించుకోవాలనుకునే పని వేరు. అక్కడ పనికొచ్చిందల్లా ఇక్కడా పనికొస్తుందనుకోవడం మీదే నా తగాదా.

నేను గల్ఫ్‌లో చాలాకాలం సైట్ల మీద డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి వచ్చినవాణ్ణి. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళడం వింతేం కాదు, దిర్హాములతోనో దినార్లతోనో స్లాబు పడని వీధి మా ఊళ్ళో లేదు. ఇప్పుడు ఇంటి పట్టున ఉండి చుట్టుపక్కల ఊళ్ళకి ప్లాన్లు గీస్తున్నాను. ఎడారి కట్టడాలంటే నాకు చిన్నచూపు ఉందనుకునేరు, లేదు. వాటిని దగ్గర నుంచి చూశాను కాబట్టే వాటి ముఖాలు కోసుకొచ్చి ఇక్కడి గోడలకి తగిలిస్తుంటే ఒళ్ళు మండుతోంది.

ముందు ఎడారి సంగతి. ఎడారి అంటే ఎండ ఒక్కటే కాదు. గాలిలో తడి ఉండదు, ఆకాశంలో మబ్బు ఉండదు, అందుకని పగలంతా కాలిన నేల రాత్రయ్యేసరికి ఆ వేడినంతా ఖాళీ ఆకాశంలోకి వదిలేసి చల్లారిపోతుంది. పగటికీ రాత్రికీ పదిహేను, ఇరవై డిగ్రీల తేడా అక్కడ మామూలే. అక్కడి మేస్త్రీలు ఈ తేడానే పనిలో పెట్టుకున్నారు. రెండు మూడు అడుగుల మందం మట్టిగోడ కడితే పొద్దుటి ఎండ ఆ గోడని దాటి లోపలికొచ్చేసరికి సాయంత్రం అవుతుంది, అప్పటికి బయట చల్లబడుతుంది, డాబా మీద పడుకుంటారు, తెల్లారేలోగా గోడ మళ్ళీ చల్లారుతుంది. కిటికీలు చిన్నవి, సందులు ఇరుకు, ఒక ఇంటి నీడ ఎదుటింటి మీద. ఇరాన్‌లో యజ్ద్ ఊరంతా గాలిబురుజులే, బాద్‌గీర్ అంటారు వాటిని. ఆ ఊళ్ళోనే దౌలతాబాద్ తోటలో ఉన్నది 33 మీటర్ల పైన ఎత్తు. పైన పోయే గాలిని పట్టి కిందికి దించి, కిందున్న నీటి తొట్టి మీదుగా గదిలోకి పంపిస్తారు. కరెంటు లేని రోజుల్లో ఇంతటి ఆలోచన చేశారంటే దణ్ణం పెట్టాలి.

ఈజిప్టులో హసన్ ఫతీ 1940ల్లో లుక్సర్ దగ్గర కొత్త గూర్నా ఊరు కట్టినప్పుడు బడికి కూడా ఇలాంటి గాలిగొట్టమే పెట్టాడు. అందులో తడిపిన బొగ్గులు పోసిన రేకు పళ్ళేలు అమర్చాడు, పొడి వేడిగాలి వాటిని తాకి చల్లబడి తరగతి గదిలోకి దిగేది. పేదోడి పిల్లలు కూచునే గదికి అంత బుర్ర పెట్టిన ఆర్కిటెక్ట్‌లు తక్కువ. (ఆ ఊళ్ళోకి రావడానికి జనం మాత్రం ఒప్పుకోలేదు. బలవంతంగా తరలిస్తామంటే ఎవరొస్తారు? అది వేరే కథ, కానీ జనాన్ని అడక్కుండా కడితే ఎంత మంచి కట్టడమైనా అంతే.)

ఇప్పుడు లెక్క చూద్దాం. తడి గుడ్డ మీదుగా గాలి పోతే ఎంత చల్లబడుతుందన్నది గాలిలో అప్పటికే ఉన్న తడిని బట్టి ఉంటుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 15 శాతం ఉంటే, ఆ గాలి నీటి వల్ల దిగగలిగే ఆఖరి మెట్టు దాదాపు 22 డిగ్రీలు. అదే మా దగ్గర 38 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకోండి, ఆఖరి మెట్టు 31. కూలరు ఎంత మంచిదైనా ఆ మెట్టు దాకా పూర్తిగా దిగదు. అంటే ఎడారిలో పదిహేను డిగ్రీలు దించే సరుకు ఇక్కడ ఐదారు డిగ్రీలు దించి, ఆ పైన గదిలో ఇంకాస్త తడి నింపి వెళ్తుంది. మే నెలలో గది తలుపులేసుకుని కూలరు పెట్టుకున్న ప్రతివాడికీ ఇది తెలుసు, మంచం మీద దుప్పటి తేమెక్కి జిగటగా అవుతుంది, ఒళ్ళు ఆరదు. గోడ సంగతీ అంతే. మా ఉక్కపోత రాత్రి మూడింటికి కూడా తగ్గదు, ఇక మందపాటి గోడ చల్లారేదెప్పుడు? పగలు మింగిన వేడిని రాత్రంతా మన మీదికే కక్కుతుంది.

జాలీ సంగతికొస్తే, జైసల్మేరు దగ్గర కనోయ్ ఊళ్ళో రాజకుమారి రత్నావతి ఆడపిల్లల బడి ఉంది, న్యూయార్క్ ఆర్కిటెక్ట్ డయానా కెలాగ్ గీసింది. కోడిగుడ్డు ఆకారం, అక్కడి పసుపు ఇసుకరాయి, అక్కడి పనివాళ్ళు. నడుమ వాకిలి, చుట్టూ గదులు, పైన రాతి జాలీ, నీడకి నీడా కరెంటుకి కరెంటూ ఇచ్చే సోలార్ పలకల పందిరి. ఏసీ లేదు. ఫోటోలు చూసి మావాళ్ళు ముచ్చటపడతారు, ముచ్చటపడాల్సిందే. ఫోటోలో కనపడనిది ఏంటంటే, అక్కడ ఏడాది వాన 200 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. కోనసీమలో వెయ్యి దాటుతుంది. ఒక్క గట్టి వాయుగుండం పట్టిందంటే రెండు రోజుల్లో వాళ్ళ ఏడాది వాన కురిసిపోతుంది, అదీ నిలువుగా కాదు, ఈదురుగాలికి అడ్డంగా కొడుతుంది. పైన చూరు లేని జాలీలోంచి ఆ జల్లు నేరుగా ఫైళ్ళ బీరువా మీదికే. రెండేళ్ళలో జాలీ కన్నాల్లో పాచి, పావురాల రెట్ట, ఉప్పుగాలికి లోపలి ఊచ తుప్పుపట్టి ఉబ్బి సిమెంటు పెచ్చులూడటం. ఆ తర్వాత ఎవరో ఒకరు జాలీ వెనకాల ప్లాస్టిక్ పట్టా కడతారు. మా దగ్గర ఒక కట్టడానికి పట్టా కట్టేసి, పట్టా మీద పథకాల ఫ్లెక్సీ కూడా కట్టేశారు. జాలీ ఖర్చు మాత్రం ఎస్టిమేట్‌లో భద్రంగా ఉంది.

మరి ఎడారి నుంచి మనకి పనికొచ్చేది ఏమీ లేదా? ఉంది. నేను చెప్పాలనుకున్నది అదే.

అబుదాబిలో ఉన్నవాళ్ళకి తెలుసు, అది ఎడారే కానీ సముద్రపు ఒడ్డు. జూలై, ఆగస్టుల్లో రాత్రి పదింటికి బయటికొస్తే కళ్ళజోడు మీద ఆవిరి పడుతుంది. లోపలికి గంటన్నర ప్రయాణం చేసి అల్ ఐన్ పోతే గాలి పొడి. ఏసీలు లేని కాలంలో ఆ రెండు చోట్లా ఒకటే రకం ఇల్లు కట్టలేదు వాళ్ళు. లోపలి ఒయాసిస్సుల్లో మందపాటి మట్టిగోడలు. ఒడ్డున ఎండాకాలానికి ఖర్జూరపు మట్టలతో అల్లిన పాకలు, అరీష్ అంటారు. మట్టల సందుల్లోంచి గాలి ఆడుతుంది, ఎండ మాత్రం దూరదు. ఒడ్డున రాతి ఇల్లున్నవాళ్ళు కూడా ఉక్క ముదిరితే వాటిని వదిలి పాకల్లోకి మారేవారు. మన తాటాకు పాక లేదూ, చూరు నడుము దాకా దించి, గోడకి దడి కట్టి, అదే అన్నమాట. ఎడారిలో మనకి చుట్టం ఎవరైనా ఉంటే ఆ పాకే. మనం ఆ చుట్టాన్ని పలకరించకుండా యజ్ద్ బురుజులకీ జైసల్మేరు హవేలీలకీ దండాలు పెట్టుకొస్తున్నాం.

ఈ కాలపు కట్టడాల్లో కూడా ఇదే తేడా కనపడుతుంది. అబుదాబిలో 2012లో పూర్తయిన అల్ బహర్ టవర్లకి బయట మడతలు పడే పలకలు తొడిగారు, ఒక్కో టవరుకి వెయ్యికి పైనే, పొద్దు తిరిగే కొద్దీ కంప్యూటరు వాటిని తెరుస్తూ మూస్తూ ఉంటుంది. పనితనానికి పేరు పెట్టలేం. కానీ లోపల మామూలు అద్దాల ఆఫీసే, నీడంతా గాజుకే దక్కింది, రోడ్డు మీద పోయేవాడికి దక్కింది సున్నా. 2017లో తెరిచిన లూవ్ర్ అబుదాబి మ్యూజియం అలా కాదు. దాని ఆర్కిటెక్ట్ జాన్ నూవెల్ 180 మీటర్ల వెడల్పు గుమ్మటం ఒకటి పరిచాడు, ఎనిమిది పొరల అల్లిక, ఎండ చుక్కలు చుక్కలుగా కిందికి రాలుతుంది. గుమ్మటం కింద బొమ్మలున్న గదులకి ఏసీలున్నాయి, అవి వేరే. గదులకీ గదులకీ మధ్య ఖాళీ జాగా ఉంది చూశారూ, అక్కడ గోడల్లేవు, సముద్రం మీది గాలి వచ్చిపోతుంది, జనం మెట్ల మీద కూచుంటారు. కప్పు వేరు, గది వేరు. ముందు అందరికీ నీడ పరిచి, ఆ నీడలో అవసరమైనంత మేర గదులు కట్టుకోవడం. ఇది మాత్రం డెల్టాకి అచ్చంగా పనికొస్తుంది, గుమ్మటం అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు.

దగ్గర్లోనే మస్దార్ అని 2008లో మొదలుపెట్టిన ఊరు ఉంది, ఇరుకు వీధులూ 45 మీటర్ల గాలిబురుజూ పెట్టి. అది గీసిన ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ సంస్థే మన అమరావతి ప్రభుత్వ భవనాల నమూనాలూ గీసింది. అక్కడ గాలీ నీడా ఎలా కుదురుతాయో కట్టాక చూద్దాం. నా బాధ రాజధాని గురించి కాదు, మండలం గురించి.

సర్కారు కట్టడం వాతావరణానికి తగ్గట్టు ఉందా లేదా అన్నది ఎక్కడ చూసి చెప్పాలి? ఆఫీసరు గదిలో కాదు, జనం కాచుకునే చోట. మ్యుటేషన్, అంటే భూమి రికార్డులో పేరు మార్పు, పని మీద ఒక ఆఫీసుకి తిరిగాను, పేరెందుకు, మీ ఊళ్ళోదీ అలాగే ఉంటుంది. పోర్టికో ఉంది, దాని నీడలో ఆఫీసు జీపు ఉంది. జనానికి మిగిలింది కిటికీల మీది సన్‌షేడు నీడ, అడుగున్నర. గోడకి వీపు ఆనించి వరసగా నిలబడ్డారు, పొద్దు జరిగే కొద్దీ నీడ సన్నబడింది, వరస గోడకి అతుక్కుంది. లోపలి ఏసీల అవుట్‌డోర్ యూనిట్లు సరిగ్గా ఆ గోడకే, తలల ఎత్తులో. లోపల గది వేడి మొత్తం తెచ్చి పాసుపుస్తకం కోసం నిలబడ్డ ముసలావిడ చెంప మీద ఊదుతున్నాయి. ఆవిడ చెప్పులు వరసలో పెట్టి, "నాయనా, కాస్త చూత్తా ఉండు" అని నాకు అప్పజెప్పి కాంపౌండు బయట నిద్రగన్నేరు చెట్టు కిందికి వెళ్ళిపోయింది. ఆ ఆవరణలో జనానికి పనికొచ్చిన డిజైనంటూ ఉంటే ఆ చెట్టే, అది కూడా కాంపౌండు అవతల ఉండబట్టి బతికింది.

కిటికీల గురించి ఒక మాట. అల్యూమినియం స్లైడింగు కిటికీ వచ్చాక మనకి తెలియకుండానే సగం గాలి పోయింది. నాలుగడుగుల కిటికీ పెడితే తెరుచుకునేది రెండడుగులే, మిగతా రెండూ ఎప్పుడూ అద్దమే. దానికి దోమతెర కడితే ఇంకా పోతుంది. పాత చెక్క రెక్కల కిటికీ మొత్తం తెరుచుకునేది. పైగా మా దగ్గర ఎండాకాలంలో రెండు రకాల గాలులు. పడమటి గాలి వీచిన రోజు వడగాడ్పు, నిప్పులు చెరుగుతుంది, అచ్చం ఎడారే, ఆ రోజు పొద్దున్నే తలుపులన్నీ మూసుకోవాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి తిరిగితే అన్నీ బార్లా తియ్యాలి. ఎడారి ఇంటికి మూసుకోవడం వస్తే చాలు, డెల్టా ఇంటికి మూసుకోవడమూ తెరుచుకోవడమూ రెండూ రావాలి. కిందా పైనా విడివిడిగా తెరుచుకునే చెక్క రెక్కలు మండువా లోగిళ్ళలో ఊరికే పెట్టలేదు.

ఒక కాంట్రాక్టరు గారితో ఈ మాటే అంటే నవ్వేశాడు. "ఎలాగూ ఏసీలు పెట్టేత్తారు కదండీ, కిటికీతో పనేంటండీ?" ఏసీ ఎంతమందికండీ అని నేనడిగాను. ఆఫీసరు గారికీ, కంప్యూటర్లకీ. "మిగతావోళ్ళు పని చూసుకుని ఎల్లిపోతారు కదండీ, ఆళ్ళేమన్నా కాపరం ఉంటారా ఏంటి" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, చేతికిచ్చిన డ్రాయింగు కడతాడు.

ఆ డ్రాయింగు దగ్గరే ఉంది అసలు తిరకాసు. గ్రామ సచివాలయాలకీ, రైతు భరోసా కేంద్రాలకీ రాష్ట్రమంతటికీ టైప్ డిజైన్లు, అంటే అన్ని ఊళ్ళకీ ఒకే అచ్చు ప్లాన్లు, ఇచ్చారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురానికీ, దానికి రెట్టింపు వాన తాగే అంతర్వేదికీ ఒకటే గోడ, ఒకటే సన్‌షేడు, ఒకటే స్లాబు. అనంతపురంలో పొడిగాలి ఉంది, రాత్రి చల్లబడుతుంది, అక్కడ మందపాటి రాతిగోడ కట్టి చిన్న కిటికీలు పెడితే బతుకుతుంది, ఎడారి పాఠాలు రాష్ట్రంలో ఎక్కడైనా నేరుగా పనికొస్తే అక్కడే. పోనీ అక్కడైనా అలా కట్టారా అంటే కట్టలేదు. అక్కడా తొమ్మిదంగుళాల ఇటుక గోడే, ఇక్కడా అదే. రెండు చోట్లా పనికిరానిది రెండు చోట్లా సమానంగా పంచారు.

అలాగని పెంకుటిళ్ళూ పాకలూ మళ్ళీ కట్టమని నేననడం లేదు. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్ళెవరూ అలా అనరు. ఆ రాత్రి కోనసీమలో కప్పు లేచిపోయిన ఇళ్ళకి లెక్కలేదు, కొబ్బరి తోటలు అడ్డంగా పడుకున్నాయి, స్లాబు ఉన్న ఇంట్లోకి వీధి వీధంతా వచ్చి తలదాచుకుంది. స్లాబంటే మావాళ్ళకి అంత నమ్మకం ఎందుకంటే అది షోకు కాదు, ప్రాణభయం. కాబట్టి స్లాబు ఉండాల్సిందే. ఆ స్లాబుని గోడ దగ్గరే కోసెయ్యకుండా ఎనిమిదడుగులు ముందుకి తెచ్చి స్తంభాల మీద నిలబెట్టమంటున్నాను. ఎండ గోడకి తగలదు, జల్లు కిటికీకి కొట్టదు, వానలో కూడా కిటికీ తెరిచి ఉంచుకోవచ్చు. కాలవ లాకుల దగ్గర పాత ఇరిగేషన్ బంగళాలు చూడండి, చుట్టూ వరండాయే, గది మధ్యలో ఎక్కడో ఉంటుంది. పైన స్లాబుకి తెల్ల పూత వెయ్యమంటారు, తెలంగాణ 2023లో దానికి కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, మంచిదే, మా దగ్గర మాత్రం ఒక్క వానాకాలానికి నల్లటి పాచి పట్టేస్తుంది, ఏడాదికోసారి కడిగి మళ్ళీ వేసేవాడు ఉంటేనే.

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ డిజైన్ కింద లెక్కెయ్యరు. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో తుఫాను షెల్టర్లు కట్టారు కదా, కింద ఖాళీ స్తంభాలు, పైన గదులు. తుఫాను ఏ రెండు మూడేళ్ళకో వస్తుంది. మిగతా రోజులన్నీ ఊరంతా ఉండేది ఆ స్తంభాల కిందే. వలలు బాగుచేసుకునేవాళ్ళు, పులిజూదం ఆడే ముసలాళ్ళు, మేకలు, వాన రోజుల్లో ధాన్యం బస్తాలు. నాలుగు వైపులా గాలి, నెత్తిన రెండంతస్తుల నీడ, కాళ్ళకింద చల్లటి సిమెంటు గచ్చు. ఫ్యాను లేదు, అవసరమూ రాదు. 2022 జూలైలో గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు, నేల మీద కట్టిన ఆఫీసులన్నిట్లోకీ నీళ్ళొచ్చాయంటే ఆశ్చర్యమేముంది. వరద వస్తుందని తెలిసిన చోట గదులు పైన పెట్టి కింద జనానికి వదిలేస్తే ఫైళ్ళూ తడవవు, మనుషులూ మాడరు. లూవ్ర్ గుమ్మటం కిందా, మా షెల్టరు స్తంభాల కిందా జరిగేది ఒకటే పని. ఒకటి చూడ్డానికి టిక్కెట్టు కొంటాం, రెండోదాంట్లో మేకల్ని కడతాం.

ఖర్చు మాటెత్తుతారని తెలుసు. వరండా అంటే ఎస్టిమేట్ తగ్గించాల్సొచ్చినప్పుడు మొదట కొట్టేసేది. "దాంట్లో ఆఫీసు పని ఏం జరుగుతుందండీ?" అంటారు. ముందు ఎలివేషన్‌కి జాలీ, గోడకి తొడిగే ఏసీపీ (అల్యూమినియం) షీటు, గాజు, వాటి వెనక ఏసీలు, ఆ ఏసీల కరెంటు బిల్లు, వీటన్నిటినీ ఒక పక్కన రాసి, ఎనిమిదడుగుల వరండా చదరపుటడుగుల రేటు రెండో పక్కన రాసి చూపించండి, ఏది ఎక్కువో తేలిపోతుంది. ఈ లెక్క నేను గీసే ఇళ్ళకి వేసి చూపిస్తుంటాను, ఇంటాయన ఒప్పుకుంటాడు, ఎందుకంటే కరెంటు బిల్లు ఆయన జేబులోదే. సర్కారు బిల్లు ఎవరి జేబులోదీ కాదు.

మా మండలంలో ఒక ఆఫీసుకి కొత్త కట్టడం వస్తోంది, మెరక కోసం మట్టి తోలుతున్నారు. ప్లానులో ముందు భాగమంతా జాలీ, వరండా నాలుగడుగులు. తూర్పు దక్షిణాల వైపు పైరగాలి వచ్చే చోట స్టోరు గదీ, రికార్డు గదీ పెట్టారు, గాలి ముందు వాటికి తగలాలి కాబోలు. స్కెచ్ గీసి అర్జీ ఇచ్చాను: గదులు అటూ ఇటూ మార్చండి, జాలీ తీసేసి ఆ డబ్బుతో వరండా ఎనిమిది చెయ్యండి, ఏసీ యూనిట్లు డాబా మీదికి ఎక్కించండి అని. గదులు మార్చడం టైప్ డిజైన్ కాబట్టి కుదరదన్నారు. ఏసీలు పైకెక్కిస్తామన్నారు. వరండా ఆరడుగుల దగ్గర బేరం ఆగింది.